ర్యాంపు గుమ్మం దగ్గరే ఆగింది

కొత్తగా కట్టిన సభాభవనం ఏదైనా చూడండి. ముందు గుమ్మం పక్కన ర్యాంపు ఉంటుంది. గోడ మీద నీలిరంగులో చక్రాల కుర్చీ బొమ్మ ఉంటుంది. ఆ దారిన లోపలికి వెళితే హాల్లో ఒక మూల, చాలాసార్లు ఆఖరి వరుస వెనుక, కుర్చీ నిలుపుకోవడానికి కాస్త జాగా దొరుకుతుంది. దారి అక్కడితో సరి. వేదిక ఎక్కాలంటే మెట్లే. గ్రీన్‌రూముకు పోవాలన్నా మెట్లే.

ఇది మరపు వల్ల జరిగిన పని అనుకోలేం. ఆ ప్లాను గీసినవారి ఊహలో వికలాంగుడు అంటే ప్రేక్షకుడు. మహా అయితే, ముఖ్య అతిథి చేతుల మీదుగా ట్రైసైకిల్ అందుకోవడానికి వచ్చినవాడు. పాడేవాళ్లు, ఆడేవాళ్లు, వాయించేవాళ్లు, నాటకం నడిపించేవాళ్లు, లైట్లు వేసేవాళ్లు వికలాంగులై ఉండొచ్చన్న ఆలోచన ఆ గీతల్లో ఎక్కడా కనిపించదు. నేను చెప్పదలచుకున్నది ఇదే. చూడటానికి సీటు ఇస్తే కళలో మా వాటా తీరిపోదు. చేయడానికి చోటు కావాలి.

నేను హార్మోనిస్టును. మాది వరంగల్ కరీమాబాద్. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. కాలికి క్యాలిపర్, చంకల్లో రెండు కర్రలు, బయటికి పోతే మూడు చక్రాల స్కూటీ. ఒకప్పుడు పౌరాణిక నాటకాలకు, భజన మండళ్లకు వాయించేవాణ్ని. ఇప్పుడు ఎక్కువగా ఆర్కెస్ట్రాలకు, పెళ్లిళ్లకు వాయిస్తున్నాను.

నేను నేర్చుకునే రోజుల్లో నాటకాల వాళ్ల దగ్గర ఉండేది కాలి హార్మోనియం. కింద తొక్కుతుంటే గాలి అందుతుంది, పైన రెండు చేతులూ వాయించుకోవచ్చు. నా కాలు తొక్కలేదు. మా గురువుగారు నన్ను వెనక్కి పంపలేదు. తబలా నేర్చుకోవడానికి వచ్చే పిల్లవాణ్ని పెట్టె కింద కూర్చోబెట్టి చేత్తో నొక్కించారు. ‘గాలి వాడు కొడతడు, నువ్వు రాగం సూసుకో బిడ్డా’ అన్నారు. తర్వాత చేతి హార్మోనియానికి మారాను. ఎడమ చేయి గాలికే పోయేది, వాయింపు అంతా కుడి చేతి మీదే. ఆ తర్వాత కీబోర్డు వచ్చింది. దానికి గాలే అక్కర్లేదు, రెండు చేతులూ మళ్లీ నావయ్యాయి. ఇన్నేళ్లలో నా కాలు ఏమీ మారలేదు. వాయిద్యం మారుతూ వచ్చింది, దానితోపాటు నేను చేయగలిగిందీ మారింది. అడ్డు ఎక్కడుందో నాకు అప్పుడే అర్థమైంది.

వేదిక విషయంలో మాత్రం ఇప్పటికీ పెట్టె కింద కూర్చునే ఆ పిల్లవాడి మీదే బతుకుతున్నాను. మూడు మూడున్నర అడుగుల ఎత్తు, ఆరేడు మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ ఉండదు. నలుగురు వచ్చి చంకల కింద చేతులేసి ఎత్తుతారు. ‘ఏం గాదన్నా, మేమున్నం గద’ అంటారు. నిజంగానే ఉంటారు, వాళ్ల మంచితనానికి వంక పెట్టను. కానీ ప్రోగ్రాం అయ్యాక ఆ నలుగురు వైర్లు చుట్టుకుంటూనో, అన్నాల దగ్గరో ఉంటారు. వాళ్లకు తీరిక దొరికేదాకా నేను వేదిక మీదే కూర్చోవాలి. తెర పడ్డాక, లైట్లు ఆర్పేశాక కూడా.

గ్రీన్‌రూము సంగతి ఇంకా చెప్పలేదు. మరుగుదొడ్డి ఒక మెట్టు ఎత్తులోనో, తలుపు ఇరుకుగానో ఉంటుంది. లోపల పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే ప్రోగ్రాం ఉన్న రోజు మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగను. నేను వాయిస్తాను కాబట్టి ఎలాగో నెట్టుకొస్తాను. మాతో పాడే ఒక అమ్మాయి చక్రాల కుర్చీలో వస్తుంది. ఆమె కూడా నీళ్లు మానేస్తుంది. గంటల తరబడి నీళ్లు లేని గొంతుతో పాడితే పైస్థాయి ఎలా పలుకుతుందో పాడేవాళ్లకు తెలుసు. కింద కూర్చున్నవాళ్లు ‘ఈ రోజు గొంతు అంత బాలేదు’ అనుకొని లేచిపోతారు. మరుగుదొడ్డి తలుపు వెడల్పు పాట నాణ్యతను నిర్ణయిస్తుందని వాళ్లకెలా తెలుస్తుంది?

ఇవన్నీ కొలతల విషయాలు, కొలతలు రాసి ఉన్నాయి కూడా. కేంద్రం 2021లో తెచ్చిన అందుబాటు ప్రమాణాల ప్రకారం ర్యాంపు వాలు 1:12 మించకూడదు. మూడడుగుల వేదికకు 36 అడుగుల ర్యాంపు కావాలన్నమాట. చక్రాల కుర్చీ తిరగడానికి మీటరున్నర జాగా కావాలి. ‘36 అడుగులు ఎక్కడ దొరుకుతయి సార్?’ అంటారు ఇంజనీర్లు. కట్టిన తర్వాత నిజంగానే దొరకవు, కట్టకముందు దొరుకుతాయి. ప్రతి హాలుకూ వెనుక సామాను దించే తలుపు ఉంటుంది. ఆ తలుపును వేదికతో సమానమైన ఎత్తులో పెట్టి, బయటి నుంచి వాలు దారి వేస్తే చాలు. ఆ దారిన నేను ఒక్కణ్నే రాను. ఒగ్గు డోళ్లు వస్తాయి, సెట్టింగు పెట్టెలు వస్తాయి, మనిషెత్తు స్పీకర్లు దొర్లుకుంటూ వస్తాయి. మోకాళ్లు అరిగిన డెబ్బై ఏళ్ల పద్యనటుడు కిరీటంతో సహా నడిచి వస్తాడు. పాత హాళ్లలో జాగా లేకపోతే చిన్న లిఫ్టు పెట్టొచ్చు.

చట్టం ఏమంటుందో చూద్దాం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో ఉద్యోగాల గురించి, చదువు గురించి అందరూ మాట్లాడతారు. 29వ సెక్షన్ గురించి మాట్లాడగా నేను పెద్దగా వినలేదు. అది పూర్తిగా సంస్కృతి, వినోదాల గురించినది. వికలాంగులైన కళాకారులకు, రచయితలకు సదుపాయాలు, ఆర్థిక అండ ఇవ్వాలంటుంది. కళలను అందరికీ అందేలా చేయాలంటుంది. సంగీతం, నాట్యం వంటి కోర్సులను వికలాంగులు కూడా చేరి నేర్చుకోగలిగేలా తిరిగి రూపొందించాలంటుంది. వికలాంగుల చరిత్రకు ఒక మ్యూజియం కట్టాలని కూడా అందులో ఉంది. అదే చట్టం 44వ సెక్షన్ ప్రకారం అందుబాటు ప్రమాణాలు పాటించని భవనానికి పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వకూడదు. 45వ సెక్షన్ ప్రకారం పాత ప్రభుత్వ భవనాలను అయిదేళ్లలో సరిచేయాలి. నియమాలు వచ్చింది 2017 జూన్‌లో. గడువు 2022 జూన్‌తో తీరిపోయింది.

సుప్రీంకోర్టు కూడా ఊరుకోలేదు. చూపులేని రాజీవ్ రతూరి 2005లో వేసిన కేసులో 2024 నవంబరు 8న తీర్పు ఇచ్చింది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే కుదరదని, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలు తేవాలని కేంద్రానికి మూడు నెలల గడువు పెట్టింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారుచేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం వికలాంగుల అధ్యయన కేంద్రం. దేశానికి దారి చూపిన కాగితం మన రాష్ట్రంలోనే రాశారు. అమలు కూడా ఇక్కడి నుంచే మొదలైతే బాగుంటుంది.

మన దగ్గర వికలాంగుల ఉద్యమం బలహీనమైనది కాదు. హనుమకొండ శాయంపేటలో పుట్టిన మంద కృష్ణ మాదిగ పెట్టిన వికలాంగుల హక్కుల పోరాట సమితి పెన్షన్ కోసం ఎన్ని ధర్నాలు చేసిందో వరంగల్ రోడ్లకు తెలుసు. 2023లో పెన్షన్ 4,016 రూపాయలైంది. అదంతా కొట్లాడితే వచ్చిందే. అయితే పెన్షన్ దగ్గరే ఆగితే, మేం బతికి ఉండాలని ఒప్పుకున్నారు తప్ప మాకు చెప్పడానికి ఏమైనా ఉందని ఒప్పుకోనట్టే. వైకల్యం నిర్ధారించే క్యాంపులో డాక్టరు కాలు చూసి శాతం రాస్తాడు. ఆ కాగితం చూపించి పెన్షన్ అడగొచ్చు, బస్సు పాసు అడగొచ్చు. వేదిక అడగడానికి అది చాలదు.

మన జనం ఎక్కువగా వినే వికలాంగ కళాకారులు ఎవరో ఒకసారి ఆలోచించండి. వాళ్లు హాళ్లలో ఉండరు, రైళ్లలో ఉంటారు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ వైపో డోర్నకల్ వైపో ప్యాసింజర్ ఎక్కినవాళ్లందరికీ తెలుసు. చూపులేని భార్యాభర్తలు, ముందు నడిచే మనిషి భుజం మీద వెనుక మనిషి చెయ్యి, మెడలో చిన్న స్పీకరు, చేతిలో మైకు. ఘంటసాల పాట, ఉద్యమం పాట, ఎల్లమ్మ పాట. ఒక పెట్టెలో రెండు పాటలు పాడి ఇంకో పెట్టెకు. నేను వాయిద్యగాణ్ని కాబట్టి చెబుతున్నాను, పట్టాల రొదలో, ఊగే పెట్టెలో, పల్లీలమ్మే కేకల మధ్య శ్రుతి నిలబెట్టడం మామూలు సాధన కాదు. ఏసీ హాల్లో, మానిటర్ స్పీకరు పెట్టుకొని కూడా శ్రుతి తప్పేవాళ్లకు నేను చాలాసార్లు వాయించాను.

రైల్వే చట్టం 144వ సెక్షన్ రైళ్లలో యాచనను నిషేధిస్తుంది. ఆ కళ్లతో చూస్తే ఆ దంపతులు చేసేది నిషేధించిన పని. వికలాంగుల చట్టం 29వ సెక్షన్ కళ్లతో చూస్తే వాళ్లు ప్రభుత్వం అండగా నిలవాల్సిన కళాకారులు. ఒకే మనిషి, ఒకే పాట. మొదటి చట్టానికి ప్లాట్‌ఫాం మీద లాఠీ ఉంది. రెండో చట్టం ఇంతవరకు వాళ్లను వెతుక్కుంటూ ఆ పెట్టెలోకి రాలేదు.

పాటకు జీతం ఎలా ఇస్తాం అని ప్రభుత్వం ఇప్పుడు అనలేదు. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులను తీసుకుంది. గొంతుకు, డప్పుకు, గజ్జెకు నెల జీతం ఇవ్వొచ్చని ఒప్పుకున్న రాష్ట్రం ఇది. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు నాలుగు శాతం రిజర్వేషన్ ఉంది. ఇక ముందు సారథిలో నియామకాలు జరిగితే ఆ నాలుగు శాతం లెక్క బహిరంగంగా చెప్పాలి. ఆడిషన్ కబురు వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకుంటే రైల్లో పాడేవాళ్లకు చేరదు. కాజీపేట స్టేషన్‌లో మైకులో చెప్పించండి, చేరుతుంది.

వికలాంగుడి కోసం ఏర్పాటు చేస్తే వికలాంగుడికే లాభం, మిగతావాళ్లకు ఖర్చు అనే అభిప్రాయం ఒకటి ఉంది. దానికి తెలుగు నేలమీదే నూరేళ్ల కిందటి జవాబు ఉంది. 1919లో విజయనగరం మహారాజా విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టారు. దాని పుట్టుక గురించి చెప్పుకునే సంగతి ఇది. ఆస్థానంలో ఉన్న చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదు, సంగీతం అంటే ప్రాణం. నేర్పించే ఏర్పాటు చేయమని తండ్రి అడిగితే, ఒక్కడికి గురువును పెట్టే బదులు బడే పెడితే పదిమందికీ పనికొస్తుందని రాజు అనుకున్నారట. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు సరిగా ఆనేది కాదు. ఆ వయొలిన్ విని దేశం చెవులప్పగించింది. ఆ బడిలోనే ఘంటసాల చదివారు, పి.సుశీల చదివారు. చూపులేని ఒక పిల్లవాడి కోసం తలుపు తీస్తే ఆ తలుపులోంచి తెలుగువాళ్ల ఇంటింటి గొంతులు నడిచొచ్చాయి. దీన్ని ఖర్చు అంటామా?

బయటి దేశాల్లోనూ ఇలాంటిదే జరిగింది. స్కాట్లండ్‌కు చెందిన ఎవెలిన్ గ్లెన్నీకి చిన్నతనంలోనే వినికిడి దాదాపు పూర్తిగా పోయింది. ఆమె చెప్పులు విప్పి, నేల అదురును కాళ్లతో పట్టుకొని డ్రమ్ములు వాయిస్తుంది. లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ మొదట కాదన్నా తర్వాత చేర్చుకోక తప్పలేదు. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో డ్రమ్ముల దళానికి ముందు నిలిచింది ఆమే. పేరిణి శివతాండవం పుట్టిన గడ్డ మనది. డోలు దెబ్బ గుండెకు తగిలే నాట్యం అది. చెవిటి పిల్లలకు పేరిణి నేర్పలేమని ఎవరు తేల్చారు? చెక్క వేదిక వేసి, డోలును దానికి ఆనించి ఒకసారి ప్రయత్నించి చూసి అప్పుడు చెప్పండి.

నిజానికి మన పాత కళలు ఒకే ఇంద్రియం మీద ఆధారపడినవి కావు. చేర్యాల పటం చూడండి. 2016లో జిల్లాలు విడదీసేదాకా చేర్యాల మన వరంగల్ జిల్లాలోనే ఉండేది. నకాషీలు గీసిన పటాన్ని కాకిపడగల వాళ్లు ఒక్కో మడత విప్పుతూ కథ చెబుతారు. వినపడనివాళ్లకు బొమ్మ కథ చెబుతుంది, కనపడనివాళ్లకు గొంతు బొమ్మ చూపిస్తుంది. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చోవచ్చు. చుక్క సత్తయ్య ఒగ్గు కథ విన్నవాళ్లకు తెలుసు, ఆయన గొంతులోనే కొండ ఎక్కేవాళ్లు, గొర్లు కాసేవాళ్లు, యుద్ధం చేసేవాళ్లు. కళ్లు మూసుకొని విన్నా ఏ దృశ్యమూ పోదు. మన వరంగల్ మట్టెవాడ నుంచి వెళ్లి ప్రపంచమంతా తిరిగిన మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ ఒక్క గొంతుతో ఇంగ్లిషు సినిమా సన్నివేశాలు వినిపించేవారు. ఈ రోజు చూపులేనివాళ్ల కోసం సినిమాల్లో దృశ్య వివరణ పెట్టాలని ప్రభుత్వం చెబుతోంది. అది మనకు పరాయి విద్య కాదు. వేణుమాధవ్ ఊళ్లో ఆ పని నేర్చి బతకగల గొంతులు బోలెడున్నాయి.

పాత రోజులన్నీ బంగారమని దీని అర్థం కాదు. ఆ కథల్లోనే గూని ఉన్న మంథర కుట్రకు గుర్తయింది, చూపులేని రాజు చేతగానితనానికి గుర్తయ్యాడు. నేను వాయించిన ఎన్నో కురుక్షేత్రాల్లో ధృతరాష్ట్రుడి వేషం కట్టినవారు చేతులు తడుముకుంటూ రెండు అడుగులు వేస్తే జనం నవ్వేవారు. సినిమా దీన్ని ఇంకా పెంచింది. నత్తి ఉంటే హాస్యం, కుంటితే విలన్, గుడ్డి అయితే చెల్లెలి పాత్ర. కె.విశ్వనాథ్ ‘సిరివెన్నెల’ లాంటి సినిమాలు వేరే దారి చూపాయి. అక్కడ కూడా చూపులేని వేణుగాన విద్వాంసుడి వేషం చూపున్న నటుడిదే. 1985 నాటి ‘మయూరి’ దగ్గర ఆగి ఆలోచించాలి. ప్రమాదంలో కాలు పోయి, జైపూర్ కాలితో మళ్లీ నాట్యం చేసిన సుధా చంద్రన్ తన కథలో తానే నటించింది. సింగీతం శ్రీనివాసరావు దర్శకుడు. తెలుగు జనం టికెట్టు కొని చూశారు. జనం చూడరన్న సాకు ఆ రోజే పోయింది. మరి నలభై ఏళ్లలో అలాంటివి ఇంకెన్ని వచ్చాయి? 2024 జులైలో సుప్రీంకోర్టు తెర మీద వికలాంగులను ఎలా చూపాలో మార్గదర్శకాలు చెబుతూ, వాళ్లను కూడా ఆ పనిలో భాగం చేయమంది. వేషం రాసేటప్పుడే మమ్మల్ని పిలిస్తే, మీ హాస్యం కూడా బాగుపడుతుంది. మేం జోకులేసుకోమా? మా మధ్య నడిచే జోకులు వింటే మీరు తట్టుకోలేరు.

‘అంత చేస్తే ఎంతమంది వస్తారు?’ అనేది ప్రతి నిర్వాహకుడి ప్రశ్న. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు తేలారు. అప్పుడు గుర్తించిన వైకల్యాలు ఎనిమిది రకాలే. 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. వీళ్లు కాక ముసలివాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, చంటిపిల్లల తల్లులు ఉన్నారు. నీళ్లు లేని బావి దగ్గరికి ఎవరూ రావడం లేదని చెప్పి బావి తవ్వడం మానేస్తామా?

ఇంకో అభ్యంతరం కట్టడాల గురించి. రామప్ప 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు పొందింది. దాన్ని ముట్టుకోవద్దంటారు, అది న్యాయమే. మదనిక శిల్పాలను అందరూ తడిమితే ఎనిమిది వందల ఏళ్ల రాయి అరిగిపోతుంది. నమూనాలు చేయిస్తే ఆ ఇబ్బంది ఉండదు. ఢిల్లీలోని నేషనల్ మ్యూజియంలో 2015లోనే తాకి చూసే గ్యాలరీ పెట్టారు. మనకు ఢిల్లీ దాకా పోవాల్సిన పని లేదు. పక్కనే పెంబర్తిలో ఇత్తడి మీద ఏ శిల్పాన్నయినా దించగల చేతులున్నాయి. ఒక మదనిక, ఒక స్తంభం, కాకతీయ తోరణం ఇత్తడిలో చేయించి రామప్ప దగ్గర, ఖిలా వరంగల్ దగ్గర పెట్టండి. చూపులేని పిల్లలు వేళ్లతో ఆ శిల్పం నడుము ఒంపు చూస్తారు. పెంబర్తి వాళ్లకూ పని దొరుకుతుంది. మిగతా పిల్లలు కూడా తడుముతారు, ఆ సంతోషం మీరే చూడండి.

కాబట్టి వరంగల్ వరకు నేను అడిగేవి ఇవి. 2024 నవంబరు 19న బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకుంది. 2014లో కాళోజీ శతజయంతి నాడు శంకుస్థాపన చేసిన, వెయ్యి మందికి పైగా కూర్చునే హాలు అది. ప్రజల గొడవను తన గొడవ చేసుకున్న మనిషి పేరు దానికి పెట్టుకున్నాం. ఊరిలోని ప్రభుత్వ హాళ్లన్నిటినీ ఆడిట్ చేయండి. కళాక్షేత్రంతోనే మొదలుపెట్టండి. వేదిక, గ్రీన్‌రూము, మరుగుదొడ్డి, టికెట్ కౌంటరు, పార్కింగ్ అన్నీ కొలిచి ఫలితం పత్రికల్లో ప్రకటించండి. బాగున్నచోట బాగుందని రాయండి, మిగతా జిల్లాలు చూసి నేర్చుకుంటాయి. కొలిచే బృందంలో కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా), నగరపాలక సంస్థ ఇంజనీర్లతో పాటు చక్రాల కుర్చీలో వచ్చే గాయని, చూపులేని తబలా కళాకారుడు, సైగ భాషలో మాట్లాడే చిత్రకారుడు ఉండాలి. టేపు ఇంజనీరు పట్టుకోవచ్చు, సంతకం మాత్రం వాళ్లది కూడా ఉండాలి.

విద్యారణ్య సంగీత నృత్య కళాశాల, తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఈ ఊళ్లోనే ఉన్నాయి. 29వ సెక్షన్ చెప్పిన కోర్సుల మార్పు ఇక్కడ మొదలుపెట్టొచ్చు. కూర్చుని చేసే నాట్యం, బ్రెయిలీలో స్వరాలు, అదురును పట్టుకొని నేర్చుకునే తాళం గురించి గురువులకు శిక్షణ ఇవ్వండి. 2022లో యునెస్కో వరంగల్‌ను అభ్యసన నగరాల జాబితాలో చేర్చింది. ఆ బోర్డుకు తగిన పని ఇది. ప్రభుత్వం డబ్బిచ్చే ఏ ఉత్సవానికైనా సైగ భాషలో చెప్పే మనిషి ఖర్చు మైకు సెట్టు ఖర్చు పక్కనే రాయాలి. మైకు లేకుండా సభ పెట్టం కదా.

ఇక బతుకమ్మ. మన దగ్గర ప్రేక్షకులు లేని కళ అదొక్కటే, అందరూ ఆడేవాళ్లే. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర వేలమంది ఆడబిడ్డలు చేరతారు. ఆ రోజు కూడా నడవలేని ఆడపిల్ల గట్టు మీద కూర్చుని పూలకు కాపలా కాస్తుంది. ‘నువ్వు సూస్తుండు బిడ్డా’ అంటారు పెద్దవాళ్లు ప్రేమగా. నేల చదును చేసి, ఒక వలయం కాస్త వెడల్పుగా, నెమ్మదిగా తిరిగేలా పెడితే చక్రాల కుర్చీ అందులో కలిసి తిరుగుతుంది. చప్పట్లకు కాళ్లతో పని లేదు.

చివరగా మా సన్మానాల సంగతి. ఏటా డిసెంబరు 3న, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం నాడు, మమ్మల్ని పిలుస్తారు. శాలువా కప్పుతారు, మెమెంటో ఇస్తారు, ‘వైకల్యాన్ని జయించిన’ అని మైకులో చదువుతారు. నేను శ్రుతి తప్పినా చప్పట్లు కొడతారు. డబ్బుల మాట వచ్చేసరికి, అవకాశం ఇచ్చాం కదా అంటారు. పక్కన వాయించిన తబలా మనిషికి ఇచ్చినంత నాకు ఇవ్వనివాళ్లున్నారు. సిరిసిల్ల నేత కుటుంబంలో పుట్టిన బూర రాజేశ్వరి కాలి వేళ్లతో కలం పట్టి కవితలు రాసింది. సుద్దాల అశోక్ తేజ చొరవతో అవి పుస్తకంగా వచ్చాయి. 2022 డిసెంబరులో ఆమె చనిపోయినప్పుడు కూడా ఎక్కువమంది కాలితో రాసిందని రాశారు. ఏం రాసిందో రాసినవాళ్లు తక్కువ. కవికి ఇంతకంటే పెద్ద అన్యాయం ఏముంటుంది?

డిసెంబరు 3న పిలవకపోయినా నాకు బాధ లేదు. మిగతా రోజుల్లో పిలవండి. వేదిక మీదికి నా అంతట నేను వచ్చే దారి ఉంచండి. పక్కవాడికి ఇచ్చేంత ఇవ్వండి. కళ్లు మూసుకొని వినండి. వాయింపు బాగుంటే బాగుందనండి, బాగాలేకపోతే మొహం మీదే చెప్పి ఇంకోసారికి వేరేవాణ్ని పెట్టుకోండి. నా కాలును కాకుండా నా వాయింపును తప్పుపట్టే రోజు వస్తే, ఆ రోజు నన్ను కళాకారుడిగా లెక్కలోకి తీసుకున్నట్టు.